ఒంట్లో కరిగిపోయే రబ్బరు: కాలేజీ ల్యాబులో పీజీఎస్ స్కాఫోల్డ్ చేయడం ఎలా

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తూ, ప్రాజెక్టుకి బయోమెటీరియల్స్ తీసుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది. టిష్యూ ఇంజినీరింగ్ (దెబ్బతిన్న కణజాలం చోట కొత్తది పెంచే పని) అనగానే ఇదేదో విదేశీ ల్యాబుల పని అనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఒక నైట్రోజన్ సిలిండర్, ఆయిల్ బాత్, మంచి వ్యాక్యూమ్ పంపు, వ్యాక్యూమ్ ఓవెన్, ఒక బ్యూరెట్ ఉంటే మొదటి షీటు మీ చేతికొస్తుంది. కణాలు పెంచి చూసే పని మాత్రం వేరే చోట చేయించుకోవాలి. దాని సంగతి చివర్లో చెప్తాను.

మనం చేయబోయేది పాలీ గ్లిజరాల్ సెబకేట్, పొట్టిగా పీజీఎస్. 2002లో ఎంఐటీలో యాడాంగ్ వాంగ్, రాబర్ట్ లాంగర్ బృందం దీన్ని శరీరంలో వాడదగ్గ, సాగే పాలిమర్‌గా ప్రకటించింది. దినుసులు రెండే: గ్లిజరిన్, సెబాసిక్ యాసిడ్. క్యాటలిస్టు అక్కర్లేదు. గ్లిజరిన్ మన ఒంట్లో కొవ్వులకు ఆధారమైన అణువు. సెబాసిక్ యాసిడ్ కూడా కొవ్వు ఆమ్లాలు విరిగేటప్పుడు శరీరంలో సహజంగా పుట్టేదే. అందుకే ఇది విడిపోయి ముక్కలైనా శరీరం వాటిని అరిగించుకోగలదు.

సెబాసిక్ యాసిడ్ ఎక్కడిదో తెలిస్తే మనవాళ్లకు ఈ సబ్జెక్టు ఇంకాస్త దగ్గరవుతుంది. అది ఆముదం నుంచే వస్తుంది. పాలమూరు, నల్లగొండ చల్కల్లో వానాధారంగా ఆముదాలు వేయడం తాతల నాటి అలవాటు. పత్తి వచ్చాక ఆ చేలు చాలా తగ్గిపోయాయి గానీ, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఆముదం రకాలు రైతులకు ఇప్పటికీ తెలుసు. ఆముదపు నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలిక్ యాసిడ్. దాన్ని కాస్టిక్ సోడాతో కలిపి 250 డిగ్రీల దగ్గర వేడి చేస్తే అణువు రెండుగా తెగి ఒకవైపు సెబాసిక్ యాసిడ్, ఇంకోవైపు 2-ఆక్టనాల్ వస్తాయి. ఇది ఫ్యాక్టరీ పని. గానుగ నూనె తెచ్చి మీ ల్యాబులో ప్రయత్నించాలనే ఉత్సాహం వస్తే అక్కడే ఆపుకోండి. కరిగిన కాస్టిక్ సోడా చిందితే చర్మం, కళ్లు పోతాయి. శుద్ధమైన సెబాసిక్ యాసిడ్ కొనుక్కోవడమే మంచిది.

ముందు తేల్చుకోవాల్సిన సంగతి: ఏ కణజాలం కోసం?

స్కాఫోల్డ్ అంటే కణాలు అతుక్కుని పెరగడానికి ఇచ్చే చిల్లుల చట్రం. కణాలు తమ సొంత కణజాలం కట్టుకునే కొద్దీ చట్రం అరిగిపోతూ చివరికి మాయమవ్వాలి. ఎముకకైతే గట్టి పాలిమర్ పనికొస్తుంది. గుండె, రక్తనాళం, ఊపిరితిత్తి నిమిషం ఆగకుండా సాగి ముడుచుకుంటాయి. గుండె కండరం బిగువు (సాగడానికి ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే అంకె, మాడ్యులస్) పదుల నుంచి వందల కిలోపాస్కళ్ల మధ్య ఉంటే, కుట్లకు వాడే పీఎల్ఏ (పాలీ లాక్టిక్ యాసిడ్) జాతి పాలిమర్ల బిగువు గిగాపాస్కళ్లలో ఉంటుంది. అంత గట్టి ముక్కను కొట్టుకునే గుండెకు అంటిస్తే చుట్టూ ఉన్న కండరం ఒరుసుకుపోతుంది. పైగా అవి లోపలంతా ఒకేసారి నానిపోయి ఓ దశలో ఉన్నట్టుండి బలం కోల్పోతాయి. పీజీఎస్ ఎక్కువగా పైపొర నుంచి అరుగుతూ వస్తుంది కాబట్టి ఆకారం, బిగువు చాలాకాలం నిలబడతాయి.

అలాగని పీజీఎస్ అన్నింటికీ మందు కాదు. ఎలుకల చర్మం కింద పెట్టిన ముక్కలు 60 రోజుల్లో కరిగిపోయాయి. ఏడాదిపాటు నిలబడాల్సిన చోట ఇది పనికిరాదు. రక్తనాళాల్లో ఆ వేగమే వరమైంది. 2012లో వాంగ్ బృందం కణాలేవీ వేయని పీజీఎస్ గొట్టాన్ని ఎలుక ధమనిలో కుడితే, మూడు నెలల్లో ఆ చోట ఎలాస్టిన్ (నాళాలకు సాగే గుణమిచ్చే ప్రొటీన్) ఉన్న కొత్త నాళం తయారైంది. మీ గైడ్‌తో కూర్చుని కణజాలం, కావాల్సిన బిగువు, నిలవాల్సిన కాలం మొదటి పేజీలో రాసుకోండి. అవి లేకుండా మొదలుపెడితే ఏ రోజు ఆపాలో కూడా తెలియదు.

తూకం, దినుసులు

గ్లిజరిన్ 99.5 శాతం శుద్ధమైనది తీసుకోండి. మూత తీసి ఉంచితే గాలిలోని తేమ లాగేసుకుంటుంది, వానాకాలంలో మరీను. సెబాసిక్ యాసిడ్‌ని ఇథనాల్‌లో ఒకసారి రీక్రిస్టలైజ్ చేసి, ఆరబెట్టి వాడితే రంగు తక్కువ వస్తుంది. రెండూ సమాన మోల్స్. పావు మోల్ బ్యాచ్‌కి సెబాసిక్ యాసిడ్ 50.56 గ్రాములు, గ్లిజరిన్ 23.02 గ్రాములు. గ్లిజరిన్‌ని మెజరింగ్ సిలిండర్‌తో కొలవకండి, గోడలకు అంటుకుని లెక్క తప్పుతుంది. ఫ్లాస్కునే తూకం మీద పెట్టి నేరుగా అందులోకే పోయండి.

మోల్స్ సమానమే గానీ చేతులు సమానం కావు. గ్లిజరిన్‌కి మూడు హైడ్రాక్సిల్ గుంపులు, యాసిడ్‌కి రెండు కార్బాక్సిల్ గుంపులు. అంటే యాసిడ్ మొత్తం కలిసిపోయినా మూడో వంతు హైడ్రాక్సిల్స్ మిగిలే ఉంటాయి. షీటు నీటిని కాస్త ఇష్టపడటానికి కారణం అవే. మూడు చేతుల గ్లిజరిన్ వల్లే గొలుసులు అడ్డంగా ముడిపడి వల తయారవుతుంది. ఆ వలే సాగే గుణాన్ని ఇస్తుంది.

మొదటి దశ: వేడి, నైట్రోజన్

మూడు మూతుల ఫ్లాస్కు, అడుగున మాగ్నెటిక్ బార్, ఒక మూతిలో నైట్రోజన్, ఇంకో మూతిలో థర్మామీటర్, మూడోదాని నుంచి ఆవిరి పోయే దారికి ఐసులో పెట్టిన ట్రాప్. సెబాసిక్ యాసిడ్ 133 డిగ్రీల పైన కరుగుతుంది. ఒకసారి 135-140కి తీసుకెళ్లి, మొత్తం పారదర్శకంగా అయ్యాక 120కి దించండి. అక్కడ 24 గంటలు. నైట్రోజన్ బుడగలు మెల్లగా వస్తే చాలు. జోరుగా వదిలితే నీటితో పాటు గ్లిజరిన్ కూడా కొట్టుకుపోతుంది.

ఇక్కడ కరెంటు సంగతి చూసుకోండి. హాట్‌ప్లేట్, పంపు, ఓవెన్ మూడూ రాత్రంతా నడవాలి. ఆయిల్ బాత్ చల్లారి మళ్లీ వేడెక్కితే పని చెడిపోదు, ఎంతసేపు ఆగిందో రాసుకుంటే సరిపోతుంది. పంపు ఆగితే మాత్రం నూనె వెనక్కి ఎక్కి ఫ్లాస్కులోకి వస్తుంది. మధ్యలో ఒక వాల్వు తప్పనిసరి.

వ్యాక్యూమ్: తొందర వద్దు

అసలు ప్రొసీజరులో 24 గంటల తర్వాత ఒత్తిడిని 1 టార్ (మామూలు గాలి ఒత్తిడిలో 760వ వంతు) నుంచి 40 మిల్లీటార్ దాకా ఐదు గంటల పాటు మెల్లగా దించుతారు. ఆ తర్వాత 48 గంటలు అక్కడే ఉంచుతారు. అంత నెమ్మది ఎందుకో తెలుసుకోకుండా చాలామంది మొదటి గంటలోనే పంపు పూర్తిగా తెరుస్తారు. మామూలు ఒత్తిడిలో గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి 120లో దానికేమీ కాదనిపిస్తుంది. కానీ 1 టార్‌లో అది మరిగేది 125 డిగ్రీల దగ్గరే. విడిగా ఉన్న గ్లిజరిన్‌ని 120 డిగ్రీల్లో అంత వ్యాక్యూమ్‌కి అప్పగిస్తే అది నేరుగా ట్రాప్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. మీరు తూచిన సమాన మోల్స్ అక్కడితో సరి. మొదటి 24 గంటల్లో గ్లిజరిన్ చాలావరకు యాసిడ్‌తో ముడిపడితే, ఆ తర్వాత పంపు లాగేది నీటినే.

ట్రాప్‌లో పోగైన నీటిని తూచి ఎంత రియాక్షన్ జరిగిందో లెక్కేయొచ్చు. పావు మోల్ బ్యాచ్‌లో యాసిడ్ మొత్తం కలిస్తే 9 గ్రాముల నీరు రావాలి. ఈ లెక్క ఒక అంచనా మాత్రమే. ట్రాప్‌లోది వేళ్ల మధ్య జారుడుగా, చిక్కగా తగిలితే అందులో గ్లిజరిన్ ఉన్నట్టే.

యాసిడ్ వాల్యూ: ఇదొక్కటి వదలొద్దు

ఈ మొత్తం పనిలో నన్నడిగితే పీజీఎస్ బాగోగులు తేల్చేది రియాక్షన్ ఎన్ని గంటలు నడిచిందన్నది కాదు, ఎంత యాసిడ్ మిగిలిందన్నది. ఒక ల్యాబులో 72 గంటలు ఇచ్చిన ఫలితం మీ పంపుతో, మీ ఫ్లాస్కుతో రాదు. యాసిడ్ వాల్యూ, అంటే ఒక గ్రాము శాంపిల్‌లో మిగిలిన యాసిడ్‌ని న్యూట్రల్ చేయడానికి పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాములు, ఏ ల్యాబులోనైనా ఒకటే మాట చెప్తుంది. పైగా దానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. సబ్బు, నూనె ఫ్యాక్టరీల్లో రోజూ చేసే టైట్రేషనే ఇది.

అర గ్రాము శాంపిల్‌ని, ముందే న్యూట్రల్ చేసిన ఇథనాల్‌లో కరిగించండి. రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి 0.1 నార్మాలిటీ ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయండి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలు. ఇంకాసేపటికి రంగు వెలిసిపోతుంది. అది చూసి మళ్లీ చుక్క కలపకండి, అప్పటికే క్షారం ఎస్టర్ బంధాలను తినడం మొదలుపెట్టి ఉంటుంది. బ్యూరెట్ రీడింగు మిల్లీలీటర్లలో, దాన్ని నార్మాలిటీతో, 56.1తో గుణించి శాంపిల్ బరువుతో భాగిస్తే యాసిడ్ వాల్యూ.

అంకెలు ఇలా ఉంటాయి. వేడి మొదలుకాక ముందు మిశ్రమం విలువ 381. సగం యాసిడ్ కలిసేసరికి 203. పాలిమర్ ఎప్పుడు గడ్డకడుతుందో చెప్పే ఫ్లోరీ, స్టాక్‌మేయర్ లెక్క ప్రకారం యాసిడ్ 87 శాతం దగ్గర కలిసినప్పుడు, అంటే విలువ 57 చుట్టుపక్కలకు వచ్చేసరికి, వల పూర్తిగా అల్లుకుని ఫ్లాస్కులోనే గడ్డకట్టాలి. గ్లిజరిన్ నడిమి హైడ్రాక్సిల్ మిగతా రెండింటికన్నా మందకొడి కాబట్టి నిజంలో ఆ బిందువు అటూ ఇటూ జరుగుతుంది. నా సలహా: 100 దగ్గర ఆపేయండి. అప్పటికి యాసిడ్ 76 శాతం కలిసి ఉంటుంది. ప్రీపాలిమర్, అంటే వల ఇంకా పూర్తిగా అల్లుకోని ఈ పాలిమర్, చిక్కగా ఉన్నా పోయడానికి వీలుంటుంది, ద్రావకాల్లో కరుగుతుంది. అర గ్రాము శాంపిల్‌కి బ్యూరెట్ 8.9 మిల్లీలీటర్ల దగ్గర ఆగితే మీరు అక్కడికొచ్చినట్టు.

టైట్రేషన్ల మధ్య చేతి లెక్క కూడా ఉండాలి. అరిసెల పాకం చూసినట్టే, గాజు కడ్డీతో ఒక బొట్టు తీసి చల్లని పలక మీద వేసి వేలితో లాగి చూడండి. తీగ సాగి తెగుతుంటే ఇంకా టైముంది. తీగ వెనక్కి లాక్కుంటోందంటే వెంటనే దించాలి. గడ్డకట్టాక ఆ ఫ్లాస్కుని ఏ ద్రావకమూ కడగలేదు.

ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో బంధాలను గుర్తించే మెషీన్) అందుబాటులో ఉంటే 1735-1740 cm⁻¹ దగ్గర ఎస్టర్ శిఖరం, 3300-3500 మధ్య వెడల్పాటి హైడ్రాక్సిల్ పట్టీ కనిపించాలి. థీసిస్‌లో ఆ బొమ్మ ఉండాలి కాబట్టి తీయించుకోండి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా మాత్రం టైట్రేషనే చెప్తుంది.

పోత, క్యూరింగ్

క్యూరింగ్ అంటే అచ్చులోనే వేడి చేసి వల పూర్తిగా అల్లుకునేలా చేయడం. ప్రీపాలిమర్‌ని టెఫ్లాన్ అచ్చులో పోయండి. గాజు మీద పోస్తే షీటు ఊడిరాదు. గాజే గతి అయితే ముందు చక్కెర ద్రావణం పూసి ఆరబెట్టి దాని మీద పోయండి. క్యూరింగ్ అయ్యాక నీళ్లలో పెడితే చక్కెర కరిగి షీటు తేలివస్తుంది. మందం ఒక మిల్లీమీటర్ మించకుండా చూసుకోండి. లోపల పుట్టే నీటి ఆవిరికి పైకి వచ్చే దారి లేకపోతే బుడగలు అలాగే గట్టిపడతాయి. పీజీఎస్ సాంద్రత సుమారు 1.1 కాబట్టి పది సెంటీమీటర్ల చదరపు అచ్చుకి 11 గ్రాములు సరిపోతుంది. అచ్చు స్పిరిట్ లెవెల్‌తో సమానంగా పెట్టండి.

వ్యాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీలు, 48 గంటలు మొదటి బ్యాచ్‌కి మంచి మొదలు. బిగువుని మార్చే మీట ఇదే. అదే ప్రీపాలిమర్‌ని 110లో క్యూర్ చేస్తే మెత్తగా పదుల కిలోపాస్కళ్లలో, 130లో చేస్తే 1 మెగాపాస్కల్ దాకా రావచ్చు. గుండెకు మెత్తనిది, నాళానికి కాస్త బిగువైనది అని మీరు మొదటి పేజీలో రాసుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది.

కడగడం

క్యూరింగ్ అయిన షీటు చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. లోపల మాత్రం వలకు ముడిపడని చిన్న గొలుసులు, విడి యాసిడ్ మిగిలి ఉంటాయి. కణాలను చంపేది చాలాసార్లు ఇదే. ‘మా పాలిమర్ టాక్సిక్ అని వచ్చింది సార్’ అని దిగులుపడే పిల్లల్లో చాలామంది షీటుని సరిగా కడగనివాళ్లే.

శుద్ధ ఇథనాల్‌లో పీజీఎస్ బాగా ఉబ్బుతుంది. పొడి షీటుని నేరుగా అందులో పడేస్తే అంచులు చీలిపోతాయి. 50 శాతం, 70 శాతం, తర్వాత శుద్ధ ఇథనాల్, మళ్లీ అదే మెట్ల మీదుగా కిందికి, చివరికి నీళ్లు. శుద్ధ ఇథనాల్‌లో ఒక రోజు, మధ్యలో ద్రావకం మారుస్తూ ఉంచండి. కడగక ముందు, కడిగి ఆరబెట్టాక తూచితే పోయిన బరువు శాతమే సోల్ శాతం. చివరి నీటి పీహెచ్ డిస్టిల్డ్ వాటర్ పీహెచ్‌తో సమానమయ్యే దాకా ఆపకండి. ఇథనాల్ తడి ఉన్న షీటుని వేడి ఓవెన్‌లో పెట్టకండి, ముందు ఫ్యూమ్‌హుడ్‌లో పూర్తిగా ఆరనివ్వండి.

నీళ్ల గురించి ఒక మాట. నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. మన పనికి ఆ నీళ్లలోని క్యాల్షియం కూడా శత్రువే. షీటులో మిగిలిన కార్బాక్సిల్ గుంపులను అది పట్టుకుంటుంది, ఫాస్ఫేట్ బఫర్‌లో కలిస్తే తెల్లగా విరుగుతుంది. కడగడానికైనా బఫర్‌కైనా డిస్టిల్డ్ వాటరే.

సాగదీసి చూడటం

డంబెల్ ఆకారపు ముక్కలు కోసి టెన్సైల్ టెస్టుకి ఇంజినీరింగ్ కాలేజీకి పరుగెత్తకండి. అక్కడి యూటీఎం (లాగి బలం కొలిచే మెషీన్) స్టీలు కడ్డీల కోసం. మీ ముక్క నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటర్ మందం ఉంటే, అర మెగాపాస్కల్ దగ్గర తెగడానికి 2 న్యూటన్లు చాలు. అంటే 200 గ్రాముల బాట్లంత. టన్నులు కొలిచే మెషీన్‌కి అది అసలు తగలదు. 10 న్యూటన్ల లోడ్‌సెల్ ఉన్న చోటు వెతకండి. దొరికేదాకా, పైన క్లిప్పు, కింద చిన్న బాట్లు, పక్కన స్కేలు, ఫోన్ కెమెరాతో మొదలుపెట్టొచ్చు. 20 గ్రాములు వేలాడదీస్తే, 2002 నాటి పీజీఎస్ బిగువైన 0.28 మెగాపాస్కల్ ఉన్న ముక్క 17 శాతం సాగాలి. మూడు సెంటీమీటర్ల నిడివి అయిదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది కంటికి కనిపిస్తుంది, స్కేలుకి దొరుకుతుంది. అప్పటి షీట్లు తెగేముందు 260 శాతం పైనే సాగాయి.

తెగే బలం కన్నా ముఖ్యమైనది, వదిలేశాక ముక్క మొదటి పొడవుకి తిరిగొస్తుందా లేదా అన్నది. 37 డిగ్రీల బఫర్‌లో నానబెట్టిన ముక్కను 20 శాతం దాకా వందలసార్లు లాగి వదిలి, ప్రతి వందకీ పొడవు రాసుకోండి. పొడి ముక్క అంకెలు మాత్రమే ఉన్న థీసిస్‌ని వైవాలో మొదటి ప్రశ్నే పడగొడుతుంది.

బిగువుని మూడు రెట్లు గ్యాస్ స్థిరాంకం, కెల్విన్ ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే వలలో ముడుల సాంద్రత వస్తుంది. 0.28 మెగాపాస్కల్‌కి ఘనపు మీటరుకి 38 మోల్స్. ఒక్క లైను లెక్క, కానీ క్యూరింగ్ మార్చినప్పుడు లోపల ఏం మారిందో చూపిస్తుంది.

చిల్లులు పెట్టడం

షీటు చేతికొచ్చాక స్కాఫోల్డ్. దీనికి ఉప్పు చాలు. వంటింటి ఉప్పు వద్దు, గడ్డకట్టకుండా కలిపే పొడి నీళ్లలో కరగక చిల్లుల్లోనే మిగిలిపోతుంది. ఏఆర్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ నూరి, 100 మెష్ జల్లెడలో దిగి 200 మెష్ మీద ఆగిన పలుకులు తీసుకోండి. అవి 75 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి.

అచ్చులో ఉప్పు నింపి తట్టి సర్దండి. ఇప్పుడు పలుకులు ఒకదానికొకటి అతుక్కోవాలి, లేకపోతే చిల్లుకీ చిల్లుకీ దారి ఉండదు, కణాలు లోపలికి పోలేవు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మగిల్లుతుంది. మన ఎండాకాలంలో ఆ తేమ కలలో కూడా రాదు. డెసికేటర్ అడుగున పొటాషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పోసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే లోపల తేమ 90 శాతం దగ్గర నిలుస్తుంది. ఉప్పు అచ్చుని అందులో గంటసేపు ఉంచి, తీసి ఓవెన్‌లో ఆరబెట్టండి. వేలితో నొక్కితే రాలకుండా దిమ్మలా నిలవాలి.

ప్రీపాలిమర్‌ని టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో 20 శాతం బరువుకి కరిగించి ఉప్పు దిమ్మ మీద పోయండి. ద్రావకం పూర్తిగా ఆరాకే వ్యాక్యూమ్ ఓవెన్. ఈ ద్రావకం పాతబడితే పెరాక్సైడ్లు పుట్టి పేలే ప్రమాదం ఉంది, సీసా మీద తెరిచిన తేదీ చూడకుండా ముట్టుకోకండి. ఈసారి పొర పలచన కాబట్టి 150 డిగ్రీల్లో 24 గంటలు క్యూర్ చేస్తారు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు, నీళ్లు మారుస్తూ. ఆఖరి నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లటి మబ్బు కమ్మితే ఉప్పు ఇంకా ఉంది. ఆ తర్వాత షీటుకి చేసినట్టే ఇథనాల్ మెట్లు, మళ్లీ నీళ్లు, ఆపై ఫ్రీజ్ డ్రైయింగ్ (గడ్డకట్టించి వ్యాక్యూమ్‌లో ఆరబెట్టడం). గాలికి ఆరబెడితే నీటి బిగి లాగుడుకి మెత్తని గోడలు అతుక్కుపోయి చిల్లులు మూసుకుంటాయి. నూటికి 90 పాళ్లు ఖాళీ ఉన్న స్కాఫోల్డ్ ఘనపు సెంటీమీటరుకి 0.11 గ్రాములే తూగుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అపాయింట్‌మెంటుకి ముందు ఈ తూకం చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

అరుగుదల

పది మిల్లీమీటర్ల బిళ్లలు, పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్, 37 డిగ్రీలు, బూజు పట్టకుండా 0.02 శాతం సోడియం అజైడ్. అజైడ్ విషం, చేతి తొడుగులు వేసుకోండి, సింకులో పారబోయకండి. ప్రతి వారం మూడు బిళ్లలు తీసి బరువు, మందం, బిగువు మూడూ కొలవాలి. బరువు, మందం తగ్గుతూ బిగువు నిలబడితే పైపొర నుంచి అరుగుతోందని అర్థం. బరువు పెద్దగా తగ్గకుండానే బిగువు పడిపోతే లోపల నీరు దూరి గొలుసులు తెగుతున్నాయి, క్యూరింగ్ చాలలేదేమో చూడండి.

ఈ పరీక్షలో వచ్చే వేగం చూసి కంగారు పడకండి. 2002 నాటి పనిలో బఫర్‌లో పెట్టిన పీజీఎస్ 60 రోజుల్లో 17 శాతం దగ్గరే తగ్గింది, ఎలుక ఒంట్లో అదే కాలానికి మాయమైంది. ఒంట్లో ఎస్టర్లను కోసే ఎంజైములుంటాయి, బఫర్‌లో ఉండవు. అలాంటి ఎంజైమైన లైపేజ్ కలిపిన ఇంకో సెట్టు పక్కన నడిపితే ఆ తేడా కొంత పట్టుబడుతుంది.

అరుగుదల మరీ ఎక్కువనిపిస్తే మీట తిప్పడానికి ఇంకో దారి ఉంది. 2002 పనిలోనే ఉన్న గిల్లెర్మో అమీర్ తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో సిట్రిక్ యాసిడ్, 1,8-ఆక్టేన్‌డయాల్ కలిపి ఇంకో సాగే పాలిమర్ చేశాడు. దాన్ని 80 డిగ్రీల్లోనూ క్యూర్ చేయొచ్చు కాబట్టి వ్యాక్యూమ్ ఓవెన్ సరిగా లేని ల్యాబులకు అదే నయం. పాలీయురెథేన్ల వైపు పోయేవాళ్లు మాత్రం నురగ పరిశ్రమలో వాడే టీడీఐ, ఎండీఐ అనే ఐసోసయనేట్లను దగ్గరికి రానివ్వొద్దు, అవి విడిపోయినప్పుడు విషపు అమీన్లు వస్తాయి.

కణాల దగ్గరికి పంపేముందు

స్టెరిలైజేషన్‌కి ఆటోక్లేవ్ వాడితే ముందూ వెనకా బిగువు కొలవండి. ఆవిరి, వేడి కలిసి ఎస్టర్ బంధాలను కొంత తెంపుతాయి. కణాల పరీక్షకు ఐఎస్ఓ 10993-5 పద్ధతి ఉంది. స్కాఫోల్డ్ నానబెట్టిన మీడియంని (కణాలు పెంచే పోషక ద్రవాన్ని) ఎల్929 అనే ఎలుక కణాలకు ఇచ్చి, నూటికి 70 పాళ్లకు తగ్గకుండా బతుకుతున్నాయా అని చూస్తారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ బయోమెటీరియల్స్ పరీక్షలకు పేరున్న చోటు. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ యూనివర్సిటీల్లోని బయాలజీ ల్యాబులతోనో, బీబీనగర్ ఎయిమ్స్ అధ్యాపకులతోనో మీ గైడ్ ద్వారా మాట్లాడి చూడండి. జంతువుల మీద పెట్టే ఆలోచన ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే.

శాంపిల్ సంచి మీద బ్యాచ్ నంబరు, ప్రీపాలిమర్ యాసిడ్ వాల్యూ, క్యూరింగ్ డిగ్రీలు, గంటలు, సోల్ శాతం రాయండి. తేమ తగలకుండా సిలికా జెల్‌తో సీల్ చేయండి. మీడియంలో వేసిన కొన్ని గంటలకే ఎర్ర రంగు పసుపుకి తిరిగితే యాసిడ్ ఇంకా కారుతోందని అక్కడివాళ్లకు ముందే చెప్పి ఉంచండి, అలాంటి శాంపిల్‌తో ముందుకెళ్లకుండా వెనక్కి పంపేస్తారు. కడిగిన వాటితో పాటు కడగని ముక్క ఒకటి వేరే సంచిలో పంపండి. రెండింటి ఫలితాలూ పక్కపక్కన ఉంటే, కణాలు చచ్చినప్పుడు తప్పు పాలిమర్‌దో కడగడానిదో వెంటనే తేలుతుంది.